పులుల లెక్కకు గణితం తోడైన వేళ

ఒక శాస్త్రవేత్త కృషిని అంచనా కట్టేటప్పుడు విద్యాలోకం ముందుగా ఆయన పత్రాలను తోటి పరిశోధకులు ఎన్నిసార్లు ఉదహరించారో చూస్తుంది. దాని నుంచే హెచ్-సూచిక పుట్టింది, అంటే కనీసం 20 సార్లు చొప్పున ఉదహరించిన పత్రాలు 20 ఉంటే ఆ సూచిక 20 అవుతుంది. అయితే వన్యప్రాణి సంరక్షణ వంటి రంగంలో, పరిశోధన అడవిలో పని జరిగే తీరును మార్చిందా లేదా అన్నదే అంతకంటె గట్టి గీటురాయి. ఆ గీటురాయికి నిలిచిన వారిలో ఉల్లాస్ కారంత్ ముఖ్యులు. ప్రసిద్ధ కన్నడ రచయిత శివరామ కారంత్ కుమారుడైన ఈయన మొదట మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, తరువాత ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో వన్యప్రాణి శాస్త్రం అభ్యసించి, కర్ణాటకలోని నాగరహొళె అడవిని తన పరిశోధన క్షేత్రంగా చేసుకున్నారు.

అప్పటికి దేశంలో పులులను పాదముద్రలను బట్టి లెక్కించేవారు. సిబ్బంది అడుగుజాడను గాజుపలక మీద గీసుకునో, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీసుకునో, ఇది ఫలానా పులిదని నిర్ణయించేవారు. ఒకే పులి అడుగు మెత్తని బురదలో ఒక రకంగా, ఎండిన దుమ్ములో మరో రకంగా పడుతుందన్నది ఒక చిక్కయితే, అడవిలోని ప్రతి పులి జాడా దొరికి తీరుతుందన్న నమ్మకం అంతకు మించిన లోపం.

కారంత్ 1995లో ప్రచురించిన పత్రం ఈ రెండు లోపాలనూ సరిదిద్దింది. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. ఒకే పులికి కూడా కుడి పక్క చారలు వేరు, ఎడమ పక్క చారలు వేరు. అందువల్ల అడవి బాటకు రెండు వైపులా, జంతువు అడ్డు రాగానే దానంతటదే ఫొటో తీసే కెమెరాలను అమరుస్తారు. ఒక విడత ఫొటోలను మరో విడత ఫొటోలతో పోల్చి మొత్తం పులులను అంచనా కడతారు. ఉదాహరణకు మొదటి విడతలో 20 పులులు, రెండో విడతలో 20 పులులు చిక్కి, వాటిలో పది మాత్రమే మొదటి విడతలోనూ చిక్కినవని తేలితే, మొదటి విడతలో అడవిలోని పులుల్లో దాదాపు సగమే కెమెరాకు చిక్కాయని, మొత్తం 40 వరకు ఉండవచ్చని లెక్క తేలుతుంది. కెమెరాకు చిక్కని పులులను సైతం లెక్కలోకి తెచ్చి, ఫలితంలో ఎంత తేడా ఉండవచ్చో కూడా చెప్పడం ఈ పద్ధతి ఘనత. అమెరికా గణాంక నిపుణుడు జేమ్స్ నికొల్స్‌తో కలిసి 1998లో దీన్ని పెంచ్, కాన్హా, కాజీరంగాలకు కూడా విస్తరించారు.

2004 నాటి మరో పత్రం, దుప్పి, కణితి, అడవిదున్న వంటి గిట్టల జంతువులు ఎన్ని ఉంటే పులులు ఎన్ని బతకగలవో పదకొండు చోట్ల కొలిచి, పులులు ఏటా వాటిలో సుమారు పదో వంతును తింటాయన్న అంచనాతో రెంటికీ గల సంబంధాన్ని నిరూపించింది. పులిని కాపాడాలంటే ముందు దాని ఆహారాన్ని వేటగాళ్ల నుంచి కాపాడాలన్న వాదనకు ఇంతకంటె బలమైన ఆధారం మరొకటి కావాలా! ఇక 2006 నాటి అధ్యయనం, నాగరహొళె వంటి ఆరోగ్యవంతమైన అడవిలో కూడా ఏటా దాదాపు 23 శాతం పులులు చనిపోవడమో వలసపోవడమో జరుగుతుందని, పుట్టే కూనలు ఆ లోటును తీరుస్తాయని చూపింది.

పాదముద్రల లెక్కను కారంత్ బృందం 2003లోనే సూటిగా విమర్శించినా, 2005లో రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్క పులీ మిగలలేదని తేలాకే ప్రభుత్వం ఆ పద్ధతిని వదిలింది. తదుపరి జాతీయ గణనల్లో కెమెరాలకు చోటు దక్కింది; నాగార్జునసాగర్-శ్రీశైలం, అమ్రాబాద్ అడవుల్లోనూ నేడు పులులను చారలను బట్టే గుర్తిస్తున్నారు. అయినా కారంత్ విమర్శ ఆగలేదు. ఆ గణనల్లో కెమెరా లెక్కను జాడల లెక్కతో ముడిపెట్టి విశాల ప్రాంతాలకు అన్వయించే పద్ధతిలోని బలహీనతను ఆయన భాగస్వామిగా ఉన్న 2015 నాటి పత్రం ఎత్తిచూపింది. ఆ చర్చ నిపుణుల మధ్య వాడిగానే సాగింది.