కొండబాటల మోటారు సైకిలు యాత్ర: బండితోపాటు దేహాన్నీ సిద్ధం చేసుకోవాలి

యాత్ర అనగానే మన ఇళ్లలో పులిహోర పొట్లం, మరచెంబుతో నీళ్లు, ఒక చిన్న సీసాలో తలనొప్పి మందు సర్దుకోవడం ఆనవాయితీ. ఇప్పుడు మన పిల్లలు దేశదేశాలలో ఉంటున్నారు. వారి యాత్రలు వేరుగా ఉన్నవి. అమెరికాలో కొలరాడో రాష్ట్ర రాజధాని డెన్వరులో ఉద్యోగం చేసుకుంటున్న మా దౌహిత్రుడు, మరి ముగ్గురు మిత్రులతో కలిసి వచ్చే జూలై మాసాంతంలో కొండలలో డర్ట్ బైకులు నడిపేందుకు సంకల్పించాడు. ప్రణాళికను నాకు పంపి, "తాతయ్యా, ఎత్తు ప్రదేశాలలో తలనొప్పి, వికారం రాకుండా ఏదైనా చూర్ణం చెప్పండి, అమ్మతో పంపించండి" అని కోరాడు. ఇటువంటి కోరికలే పాఠకుల ఉత్తరాలలోనూ కనిపిస్తున్నందున, చూర్ణం పంపడానికి బదులు ఆ ప్రణాళికను ఏ విధంగా సవరించానో వివరంగా వ్రాస్తున్నాను.

ముందుగా ఈ సవారీ ఎటువంటిదో తల్లిదండ్రులు గ్రహించాలి. డర్ట్ బైకు మన వీధులలో తిరిగే మోటారు సైకిలు వంటిది కాదు. సన్నగా, ఎత్తుగా, ముళ్ల వంటి గట్లు గల టైర్లతో సుమారు నూరు కిలోల పైచిలుకు బరువు ఉంటుంది. సింగిల్ ట్రాక్ అంటే ఒక్క బండి మాత్రమే పట్టే కాలిబాట. పక్కన లోయ, అడుగున వేళ్లు, గుండ్రాళ్లు, మధ్యలో వాగు. ఇటువంటి బాటపై ఆసనం మీద కూర్చోవడం తక్కువ, పాదపీఠాలపై నిలబడి మోకాళ్లు వంచి ఉండడం ఎక్కువ. గంట సేపు ఈ విధంగా నడిపితే గుంజీలు తీసినంత శ్రమ. అందుచేత దీనిని వాహనయానంగా కాక తీవ్రమైన వ్యాయామంగా పరిగణించాలి.

వారు ఎంచుకున్న ప్రదేశం గన్నిసన్ జాతీయారణ్యంలోని టేలర్ పార్క్. అక్కడి జలాశయం 9,330 అడుగుల ఎత్తున, అనగా సుమారు 2,840 మీటర్ల ఎత్తున ఉన్నది. తూర్పు నుంచి వచ్చేవారు 12,126 అడుగుల కాటన్‌వుడ్ కనుమ దాటి రావాలి. ఆ అడవిలో టింబర్‌లైన్ అనే పేరు గల బాట, వైద్యుని బిరుదు పెట్టుకున్న డాక్టర్ పార్క్ అనే బాట మోటారు సైకిళ్లకు అనుమతించబడినవి. ఆ రెండవ పేరు విని నేను కొంత సంతోషించాను. అయితే పక్కనే ఆనుకుని ఉన్న కాలేజియేట్ పీక్స్ అరణ్యభాగంలో యంత్రవాహనం ఏదీ ప్రవేశించరాదు. 1964 నాటి చట్టం ప్రకారం అటువంటి అరణ్యాలలో మోటారు వాహనాలు నిషిద్ధం. ఏ బాట ఎప్పుడు తెరిచి ఉంటుందో తెలిపే పటాన్ని అటవీశాఖవారు ఉచితంగా ఇస్తారు. బండికి రాష్ట్రప్రభుత్వపు అనుమతి చీటీ అతికించాలి, పొగగొట్టంలో నిప్పురవ్వలను ఆపే జాలి ఉండాలి. ఈ విషయాలలో మా మనుమడు శ్రద్ధ గలవాడే. బండి విషయంలో ఉన్న శ్రద్ధ దేహం విషయంలో లేకపోవడమే నేను గమనించిన లోపం.

మొదటి ప్రణాళిక ఇది: శుక్రవారం సాయంకాలం మిత్రులు హ్యూస్టన్ నుంచి విమానంలో డెన్వరు చేరాలి. రాత్రికి రాత్రే కారులో నాలుగు గంటలు పైగా ప్రయాణించి టేలర్ పార్కులో గుడారం వేయాలి. శని, ఆది, సోమవారాలలో మూడు రోజులూ కొండ శిఖరాల దాకా సవారీ. మంగళవారం తిరుగు ప్రయాణం. హ్యూస్టన్ సముద్రమట్టానికి ఇంచుమించు సమానంగా ఉన్న నగరం. ఉదయం అక్కడ ఇడ్లీ తిన్న మనిషి అదే రాత్రి 2,840 మీటర్ల ఎత్తున నిద్రించి, మరునాడు 3,600 మీటర్లకు ఎగబ్రాకి శ్రమించాలన్నమాట!

మన ప్రాచీన గ్రంథాలలో ఆనూప, జాంగల, సాధారణ దేశాల విభాగం ఉన్నది. శీతము, రూక్షత, అతిశ్రమ, జాగరణ, ఉపవాసము వాతాన్ని ప్రకోపింపజేస్తాయని స్పష్టంగా ఉన్నది. కానీ ఎత్తు ప్రదేశంలో కలిగే వ్యాధికి ప్రత్యేకమైన అధ్యాయం ఏదీ లేదు. లేనిదానిని శ్లోకాలనుంచి బలవంతంగా పిండడం వైద్యధర్మం కాదని నా అభిప్రాయం. ఆధునిక శాస్త్రం దీనిని చక్కగా పరిశోధించింది. కాటన్‌వుడ్ కనుమ వద్ద వాయుపీడనం సముద్రతీరంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులకు లోపే. పీల్చే ప్రతి శ్వాసలోనూ ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. బండి ఇంజను కూడ ఆ ఎత్తున మూడవ వంతు వరకు శక్తి కోల్పోతుందని మా మనుమడే చెప్పాడు. ఇంజను బలహీనపడుతుందని ముందే లెక్క వేసుకున్నవాడు గుండె, ఊపిరితిత్తుల లెక్క మరచిపోవడం వింత.

దేహం క్రమంగా ఆ ఎత్తుకు అలవాటు పడుతుంది. దానికి కావలసినది కాలం. దానిని తగ్గించగల కషాయం నా మందుల అలమరలో లేదు. నేను సవరించిన ప్రణాళిక ఇది. శుక్రవారం రాత్రి డెన్వరులోనే, అంటే 1,600 మీటర్ల వద్ద నిద్ర. శనివారం బ్యూనావిస్టా పట్టణం, 2,430 మీటర్లు. అక్కడ బండ్లు సరిచూసుకోవడం, ఊరి దగ్గర కొద్దిపాటి సవారీ, రాత్రి నిద్ర. ఆదివారం కనుమ దాటి టేలర్ పార్కు చేరి, లోయలోని సమతలపు బాటలలో నెమ్మదిగా తిరగడం. సోమవారం మాత్రమే ఎత్తైన బాట. మంగళవారం దిగి రావడం. మూడు రోజుల సవారీ ఒకటిన్నర రోజు అయింది. "ఇంత ఖర్చు పెట్టి ఇదా తాతయ్యా" అని మనుమడు విసుక్కున్నాడు. మరొక రెండు రోజులు సెలవు పెట్టుకోమన్నాను. మూడు వేల మీటర్లు దాటిన తరువాత రోజుకు అయిదు వందల మీటర్లకు మించి పడకను పైకి మార్చకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి విశ్రాంతి రోజు ఉండాలని నిపుణుల సూత్రం. మన లేహ్, స్పితి ప్రాంతాలకు మోటారు సైకిళ్లపై వెళ్లే హైదరాబాదు యువకులకూ ఇదే వర్తిస్తుంది.

లక్షణాలు గుర్తించడం

తలనొప్పి, దానితోపాటు వికారం, నిస్సత్తువ, తల తిరగడం ఉంటే ఎత్తువల్ల కలిగిన అస్వస్థతగా భావించి పైకి వెళ్లడం ఆపాలి. ఆ రోజు బండి ఎక్కరాదు. లక్షణాలు తగ్గకపోతే దిగిపోవాలి. గీత గీసి దానిపై మడమకు వేళ్లు ఆనించి నడవమంటే తూలిపోవడం, మాటలో తికమక రావడం మెదడు వాపునకు చిహ్నాలు. కూర్చుని ఉన్నా ఆయాసం, దగ్గు, నురుగుతో కఫం ఊపిరితిత్తులలో నీరు చేరినట్లు తెలుపుతాయి. ఈ రెండు స్థితులలోనూ అర్ధరాత్రి అయినా సరే, రోగిని క్రిందికి దింపాలి, ప్రాణవాయువు అందించాలి, ఆసుపత్రికి చేర్చాలి. గన్నిసన్ పట్టణంలో ఆసుపత్రి ఉన్నది. అక్కడికి ఏ దారిన వెళ్లాలో నలుగురికీ ముందే తెలిసి ఉండాలి. సెల్‌ఫోను పనిచేయని చోట్లు చాలా ఉన్నవి కనుక ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న పరికరం ఒకటి తీసుకువెళ్లమన్నాను.

ముద్ద కర్పూరం వాసన చూస్తే శ్వాస తేలిక అవుతుందని చాలామంది కొండలకు తీసుకువెళ్తారు. ముక్కులో చల్లదనం తోచడమే తప్ప రక్తంలో ప్రాణవాయువు వీసమెత్తు పెరగదు. ఆ చల్లదనాన్ని నమ్ముకుని దిగడం ఆలస్యం చేయడమే ప్రమాదం. ముందుజాగ్రత్తగా వాడే అసిటజోలమైడ్ అనే మాత్రను అక్కడి వైద్యుని అడిగి తీసుకోవచ్చు. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే వైద్యునికి చెప్పాలి. ఆయుర్వేద వైద్యుడు ఈ మాట చెప్పడమేమిటని పాఠకులు ఆశ్చర్యపడనవసరం లేదు.

ముందుగా నలభై రోజులు

వ్యాయామం అర్ధశక్తితో చేయాలని వాగ్భటాచార్యులవారి అష్టాంగహృదయం చెబుతున్నది. నుదుట, చంకలలో చెమట పట్టి, నోటితో శ్వాస తీసుకోవలసి వచ్చినప్పుడు అర్ధశక్తి అయినదని గుర్తు. మా గురువుగారు మూలికల కోసం నల్లమల కొండలెక్కించేటప్పుడు మా నుదుళ్లు చూసి కూర్చోబెట్టేవారు. ముందుకు పరుగెత్తిన శిష్యునికి ఆ రోజు మజ్జిగ ఆఖరున దక్కేది. బాటపైన కూడ ఇదే కొలత పాటించమన్నాను. నోటితో శ్వాస మొదలైతే బండి ఆపి, నిలకడ వచ్చాక కదలాలి. ఇంటివద్ద గుంజీలు, సూర్యనమస్కారాలు, మెట్లు ఎక్కడం, మెత్తని బంతిని పిడికిట పట్టి నొక్కడం చాలు. ప్రాణాయామం మనస్సుకు నిలకడ ఇస్తుంది, చేయండి. అది కొండ ఎత్తుకు అలవాటు చేస్తుందనుకోవద్దు.

వారానికి మూడుసార్లు గోరువెచ్చని నువ్వులనూనెతో నడుము, భుజాలు, మోకాళ్లు, ముంజేతులు మర్దన చేసుకుని వేడినీళ్ల స్నానం చేయాలి. సవారీ రోజులలో ఈ అభ్యంగనం రాత్రిపూట మాత్రమే. ఉదయం అరచేతులకు, పాదాలకు నూనె ఉంటే పిడి జారుతుంది! హ్యాండిలు బిగించి పట్టడం వల్ల ముంజేయి రాయివలె బిగిసిపోవడం ఈ సవారీలో సామాన్యం. సాయంకాలం నూనె రాసి, వేయించిన ఉప్పును గుడ్డమూటలో కట్టి కాపడం పెడితే సుఖం. పడినప్పుడు తగిలిన కొత్త దెబ్బకు, వాపునకు మాత్రం మొదటి రెండు రోజులు కాపడం, మర్దన పనికిరావు.

ఇక మాట్లాడడానికి సిగ్గుపడే విషయం ఒకటి. మూత్రం, మలం మొదలైన పదమూడు వేగాలను ఆపరాదని శాస్త్రం. మోకాలి చిప్పలు, ఛాతీ కవచం, బిగుతు పంట్లాము ధరించిన యువకులు అవన్నీ విప్పడానికి బద్ధకించి మధ్యాహ్నం దాకా మూత్రం ఆపుకుంటారు. ఆపుకోవలసి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు. ఎత్తున గాలి పొడిగా ఉండి శ్వాసతోనే నీరు పోతుంది. ఫలితంగా తలనొప్పి, మంట, మలబద్ధం. అది ఎత్తువల్ల వచ్చిన తలనొప్పో, నీరు చాలక వచ్చినదో తేల్చడం అప్పుడు కష్టం. రెండు గంటలకొకసారి అందరూ ఆగడం నియమంగా పెట్టుకోమన్నాను. మూత్రం లేత పసుపులో ఉంటే నీరు చాలినట్లే. అంతకు మించి బిందెలకొద్దీ తాగడమూ మంచిది కాదు. లీటరు నీటిలో అర చెంచా జీలకర్ర, చిటికెడు శొంఠి వేసి కాచి ఫ్లాస్కులో పోసుకుంటే చలిలో తాగడానికి ఇంపుగా ఉంటుంది. ముక్కులోపల పొడిబారి పగలకుండా రాత్రి చిటికెనవ్రేలితో నేయి తాకించాలి. పెదవులకూ అదే.

ఎత్తున ఆకలి మందగిస్తుంది. అప్పుడు మినపసున్నుండలు, నూనెలో వేగిన పదార్థాలు గురువుగా ఉండి కడుపులో నిలుస్తాయి. తొలి ఏకాదశికి మన ఇళ్లలో చేసుకునే పేలపిండి ఈ యాత్రకు ఉత్తమం. పేలపిండి రెండు పాళ్లు, బెల్లపు తురుము ఒక పాలు, కొద్దిగా ఏలకులు, శొంఠి, ముద్ద కట్టడానికి చాలినంత నేయి. జేబులో పెట్టుకుని ఆగినచోటల్లా ఒక ఉండ తినవచ్చు. రాత్రికి పెసరపప్పు, బియ్యం కలిపి మెత్తగా వండిన పులగం. మద్యం అసలే వద్దు. దశమూలారిష్టం వంటి ఆసవారిష్టాలలోనూ సహజంగా మద్యాంశం ఉంటుంది కనుక ఆ నాలుగు రోజులు అవీ వద్దు. త్రిఫల వాడదలచినవారు ఇంటివద్ద ముందే వాడి చూసుకోవాలి. గుడారంలో కొత్త మందు ప్రారంభించరాదు.

మోకాలు చెక్కుకుపోతే వెంటనే పసుపు అద్ది కట్టడం మనకు అలవాటు. కంకర, మట్టి దూరిన గాయాన్ని ముందు శుభ్రమైన నీటితో ధారాళంగా కడగాలి, శుభ్రమైన గుడ్డ కట్టాలి. లోతైన గాయానికి పసుపు అద్దితే లోపలి మలినం కనిపించకుండా పోతుంది. ధనుర్వాతపు ఇంజెక్షను ఎప్పుడు చేయించుకున్నదీ చూసుకోవాలి. తలకు దెబ్బ తగిలి మరపు, వాంతి, మగత వస్తే శిరస్త్రాణం పగలలేదు కదా అని ఊరుకోక ఆసుపత్రికి వెళ్లాలి. జూలై, ఆగస్టు మధ్యాహ్నాలలో ఆ కొండలపై ఉరుములు, పిడుగులు అధికం. ఉదయమే బయలుదేరి, మధ్యాహ్నానికి ముందే చెట్లు మొలవని ఎత్తుల నుంచి దిగిపోవాలి.

నన్ను ఎక్కువ కలవరపెట్టినది నాలుగవ సభ్యుడు. మా మనుమనికి వరుసకు బావ, హ్యూస్టన్ నివాసి, నలభై తొమ్మిది సంవత్సరాలవాడు. మూడేళ్లుగా రక్తపోటుకు మాత్రలు వేసుకుంటున్నాడు. రెండంతస్తుల మెట్లెక్కితే ఆయాసం వస్తున్నదని మాటల్లో బయటపడింది. "మామూలు మాత్రలు ఆపి సర్పగంధ వేసుకుని వెళ్లవచ్చునా తాతగారూ" అని ఫోనులో అడిగాడు. సర్పగంధ సామాన్యమైన మూలిక కాదు. రక్తపోటును దించుతుంది, మగతను, ముక్కుదిబ్బడను కలిగిస్తుంది. ఇరుకు బాటపై బండి నడిపేవానికి ఈ మూడూ కూడని గుణాలే. వాడుతున్న మాత్రలు ఒక్క పూట కూడ మానవద్దని ఖండితంగా చెప్పాను. అతిమధురం రోజూ నమిలే అలవాటున్నదని తెలిసి, అది రక్తపోటును పెంచగలదు గనుక మానిపించాను. మెట్లెక్కితే ఆయాసం వచ్చే మనిషికి మొదట గుండె పరీక్ష జరగాలి. నడుస్తూ ఉండగా గుండె పనితీరు చూసే పరీక్షకు అక్కడి వైద్యుడు వచ్చే నెల రెండవ వారంలో సమయం ఇచ్చాడట. దాని ఫలితం వచ్చేవరకు నాలుగవ బండికి బాడుగ సొమ్ము కట్టవద్దని మనుమనికి చెప్పాను.