మీకు తెలుసా? మసాజ్ గట్టిగా చేస్తేనే మేలని లేదు!
ఎంత గట్టిగా నొక్కితే నొప్పి అంత తగ్గుతుందన్న నమ్మకాన్ని 2011లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం బలపరచలేదు. దీర్ఘకాలంగా నడుంనొప్పి ఉన్న 401 మందిలో కొందరికి ఒళ్లు సేదతీర్చే మామూలు మసాజ్, కొందరికి నొప్పికి మూలమైన కండరాలపై దృష్టి పెట్టే ప్రత్యేక మసాజ్ 10 వారాలు చేశారు. మిగిలినవారు మామూలు వైద్యమే కొనసాగించారు. మసాజ్ చేయించుకున్న రెండు వర్గాలూ మూడో వర్గం కన్నా మెరుగుపడ్డాయి. ఆ రెంటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అలాగైతే ఎవరికి ఏదైనా ఒకటేనా అంటే, కాదు. ఆ ఫలితం ప్రత్యేక కారణం కనిపించని నడుంనొప్పికే వర్తిస్తుంది. కాలి సిరలో రక్తం గడ్డకట్టినవారికి ఆ కాలిని మర్దన చేయడమే ప్రమాదం. ఎముకలు గుల్లబారినవారికి గట్టి ఒత్తిడి పనికిరాదు. అందుకే పేరునో ధరనో చూసి కాదు, మీ ఒంటి పరిస్థితిని బట్టి, వైద్యుణ్ణి అడిగి ఎంచుకోండి.