కోయ బిడ్డ ఏడాది: అపోహలు – వాస్తవాలు

తల్లాడ నుంచి కొత్తగూడెం వెళ్లే దారిలో ఏన్కూరు దాటితే జూలూరుపాడు. ఈ చుట్టుపక్కల కోయగూడేల్లో రెండు మూడు తరాల కిందట పిల్లలు ఎలా పెరిగారో మనకు తెలిసింది తక్కువ, ఊహించుకున్నది ఎక్కువ.

అపోహ: కోయలంటే తలకు ఈకలు కట్టుకుని జోస్యం చెప్పే 'కోయదొరలు'.
వాస్తవం: ఆ వేషం బస్టాండ్లలో, సినిమాల్లో కనిపించేది. కోయ కుటుంబం సేద్యం చేసుకునే కుటుంబం. కొమ్ముల తలపాగాతో ఆడే పెర్మకోక్ ఆట పెళ్లిళ్లకు, పండుగలకు గూడెమంతా ఆడుకునేది.

అపోహ: వాళ్లకు రేపటి చింత లేదు, దొరికింది తిని బతికేవారు.
వాస్తవం: ఎండాకాలం వస్తే బిడ్డ తెల్లవారుజామునే బుట్ట పట్టుకుని తల్లి వెంట ఇప్పచెట్ల కిందికి వెళ్లేది. రాలిన పువ్వు ఏరి, ఎండబెట్టి, గింజలు అయిపోయే వానాకాలానికి దాచేవారు. మామిడి టెంకలనూ పారేయక లోపలి జీడిని పిండి చేసి అంబలి కాచేవారు. వానల్లో వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు, దుంపలు. చేను గింజ పట్టాక మంచె ఎక్కి పిట్టలను తోలడం పిల్లల పని. చలికాలం కోతలు, నూర్పిళ్లు. రాత్రిళ్లు నెగడు చుట్టూ కథలు. అమెరికాలో సుపీరియర్ సరస్సు దగ్గరి ఓజిబ్వే ఆదివాసీ పిల్లల ఏడాదీ ఇలాంటిదే: మంచు కరిగే వేళ మేపుల్ చెట్ల తీపి నీరు, ఆకులు రాలే ముందు నీళ్లలో పండే అడవి వరి, మంచు కురిసే రాత్రుల్లో కథలు.

అపోహ: పండుగ చేయకుండా కొత్తపంట ముట్టరు, అదంతా మూఢనమ్మకం.
వాస్తవం: మామిడి, చిక్కుడు, కొత్త ధాన్యం వేల్పులకు, పెద్దలకు పెట్టాకే తినాలి. పండుగ దాకా ఆగకుండా పిందెలు కోసేస్తే టెంక ముదరదు, అంబలికి పిండీ ఉండదు. విత్తనాల పండుగ విజ్జ పండుం అయ్యాకే విత్తేవారు. ఆగడం ఎలాగో బిడ్డ అక్కడే నేర్చుకునేది.

అపోహ: రాతలేదు కాబట్టి చరిత్ర లేదు. కోయ భాష తెలుగు యాసే.
వాస్తవం: వంశాల కథలను బొమ్మలు గీసిన గుడ్డ పడిగెలు చూపిస్తూ డోలీలనే గాయకులు పాడేవారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలి గాయకుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. కోయ వేరే ద్రావిడ భాష, గోండికి దగ్గరి చుట్టం. 2011 జనగణనలో 4 లక్షలకు పైగా మంది దాన్ని తమ మాతృభాషగా చెప్పారు.

అపోహ: అడవిలో బతుకు ఏ బాధా లేని స్వర్గం.
వాస్తవం: మలేరియా ఉండేది, వడ్డీ అప్పులు ఉండేవి, వానాకాలపు ఆకలి ఉండేది. రిజర్వు అడవుల ఆంక్షలు వచ్చాక తాతలు దున్నిన పోడు చెలక నేరమైంది. అడవిలో సాగుచేసుకునే భూమిపై హక్కును గుర్తించే చట్టం 2006 దాకా రాలేదు.

గూడెం పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్లకు ఒక మనవి. ఇప్పపువ్వు రాలే రోజుల్లో హాజరు తగ్గితే, ఆ బిడ్డను మందలించే ముందు ఇంట్లో ఏ పని నడుస్తోందో అడగండి. ఆ పాత ఏడాది తెలిసిన అవ్వలు, తాతలు కొందరు ఇంకా ఉన్నారు. వాళ్లను బడికి పిలిపించి, పిల్లల చేతనే వాళ్ల మాటలు రాయించండి.