కొత్త ఫ్రేముకు పాత షిఫ్టర్లు

కొత్తగా రోడ్ బైక్ కట్టించుకునేవాళ్లు వచ్చీ రాగానే అడిగేది గేర్ల లెక్క. పదకొండు పెట్టించాలా, పన్నెండా అని. నేను ముందు ఫ్రేము చూపించమంటాను. గేరు వైరు వెళ్లడానికి దారి ఉందా? ఈ మధ్య ఖరీదైన ఫ్రేములు కొన్ని ఎలక్ట్రానిక్ గేర్ల కోసమే తయారవుతున్నాయి. వాటికి పాత షిఫ్టర్లు పనికిరావు. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు కావాలన్నా అంతే. వైరు బ్రేకులు పట్టే ఉక్కు ఫ్రేమైతే మాత్రం పాత షిఫ్టర్లను మించిన బేరం లేదు. విశాఖలో ఏళ్ల తరబడి సైకిళ్లు విప్పి బిగిస్తున్నవాడిగా చెబుతున్నాను.

షిఫ్టరంటే గేరు మార్చే మీట. పూర్వం రోడ్ బైకుల్లో ఇది ఫ్రేము కింది గొట్టం మీద ఉండేది. గేరు మార్చాలంటే హ్యాండిల్ మీంచి చెయ్యి తీసి వంగాలి. 1990లో షిమానో దాన్ని బ్రేకు లివరులోనే కలిపేసింది. రెండేళ్లకు ఇటలీ కంపెనీ కాంపాగ్నోలో కూడా అదే బాట పట్టింది.

ఒక్కో క్లిక్కుకు షిఫ్టరు వైరును ఇంత అని కొలిచినట్టు లాగుతుంది. వెనక డిరెయిలర్ ఆ లాగుడును పెంచి చైనును పక్క పళ్లచక్రం మీదికి జరుపుతుంది. షిమానో 9 స్పీడ్ షిఫ్టరు క్లిక్కుకు సుమారు 2.5 మిల్లీమీటర్లు లాగుతుంది. దాని జోడీ డిరెయిలర్ దాన్ని 1.7 రెట్లు చేస్తుంది, అంటే 4.25. పళ్లచక్రాల మధ్య ఎడం 4.34. ఆ కాస్త తేడా పట్టింపు లేదు. అదే షిఫ్టరుకు 11 స్పీడ్ రోడ్ డిరెయిలర్ తగిలించారనుకోండి, అది సుమారు 1.4 రెట్లే చేస్తుంది. క్లిక్కుక్లిక్కుకూ ముప్పావు మిల్లీమీటరు పైనే తరుగు. ఎనిమిది క్లిక్కులయ్యేసరికి తేడా ఆరు మిల్లీమీటర్లు దాటుతుంది. ఎంత పనిమంతుడైన మెకానిక్ స్క్రూలు తిప్పినా అది కుదరదు.

"మావయ్యా, రెండూ పది స్పీడే కదా, ఏది కొంటే ఏం?" అన్నాడు మా మేనల్లుడు, పాత 10 స్పీడ్ షిఫ్టర్లూ షిమానో టియాగ్రా 4700 డిరెయిలరూ పక్కపక్కన పెట్టి. "అంకె చూసి మోసపోకురా" అన్నాను. 4700 పేరుకు పది స్పీడే గాని, దాని లెక్క 11 స్పీడ్ వరసది. పాత పదితో పొసగదు.

వాడికి షిమానో అల్టెగ్రా 6500 షిఫ్టర్లు ఇప్పించాను, 9 స్పీడ్. వాటిలో గేరు వైరు పక్కనుంచి బయటికి వస్తుంది. చూడ్డానికి బట్టలారేసే తాడులా ఉందని కొందరు ముఖం చిట్లిస్తారు. నాకు మాత్రం అదే ఇష్టం. హ్యాండిల్ టేపు కిందుగా వైరు పోయే తర్వాతి మోడళ్లలో అది లోపల ఇరుకుగా వంగి, తల దగ్గర పోగులు పోగులుగా తెగుతుంటుంది. పైగా 9 స్పీడ్ షిఫ్టరుకు అదే తరం మౌంటెన్ బైక్ డిరెయిలర్ కూడా కుదురుతుంది. వెనక 34 పళ్ల చక్రం పెట్టుకుంటే సింహాచలం ఘాట్ కూర్చునే ఎక్కవచ్చు. చైన్లు, క్యాసెట్లు (వెనక పళ్లచక్రాల గుత్తులు) ఇప్పటికీ కొత్తవే దొరుకుతున్నాయి. కొత్త చక్రం 11 స్పీడ్‌దైనా దిగులు లేదు, 1.85 మిల్లీమీటర్ల రింగు వేసి 9 స్పీడ్ క్యాసెట్ ఎక్కించవచ్చు. బ్రేకులు కూడా ఆ కాలానివే చూసుకోండి. కొత్తరకం బ్రేకులకు పాత లివరు వైరును చాలినంత లాగదు.

కొనేముందు చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. వెనక గేర్ల షిఫ్టరులోకి ఒక వైరు దూర్చి, రెండో కొసను చేత్తో బిగువుగా పట్టుకోండి. పెద్ద లివరును లోపలికి నొక్కుతూ లెక్కపెడితే ఎనిమిది క్లిక్కులు రావాలి. చిన్న మీటతో వదులుతూ వస్తే మళ్లీ ఎనిమిది. మీట ఊరికే ఆడి క్లిక్కు పడకపోతే చాలావరకు లోపలి గ్రీజు జిగురుగా గట్టిపడినట్టే. క్లీనర్ స్ప్రే కొట్టి, మురికి కారిపోయేదాకా ఆడించి, పల్చటి నూనె వేస్తే బతుకుతుంది. పళ్లు అరిగి జారుతుంటే మాత్రం వదిలెయ్యండి, షిమానో ఆ లోపలి ముక్కలు విడిగా అమ్మదు. రబ్బరు తొడుగు చిరిగిందేమో చూడండి. మాలాంటి సముద్రపు ఊళ్లవాళ్లు వైరు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలుదే వేయించుకోవాలి. ఉప్పుగాలికి మామూలు వైరు ఇట్టే తుప్పు పడుతుంది.

ఎనిమిదికి ఎనిమిది పడితేనే డబ్బులివ్వండి. అమ్మేవాడు పరీక్షకు ఒప్పుకోకపోతే, ఇంకాస్త డబ్బు కలుపుకుని కొత్త సోరా 9 స్పీడ్ జత కొనుక్కోండి.