బట్టతలపై నాట్లు : పడుచువారు తొందరపడవచ్చునా?

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అని మన సామెత. ఆ జుట్టే కరువైనప్పుడు మనిషి పడే వ్యథ ఈనాటిది కాదు. రోము నేలిన జూలియస్ సీజరు తన బట్టతలను గూర్చి ఎంతో చింతించేవాడనీ, సెనేటు తనకిచ్చిన గౌరవాలన్నింటిలోను ఎల్లవేళలా ఆకులమాల ధరించే హక్కునే ఎక్కువగా ఇష్టపడ్డాడనీ ప్రాచీన చరిత్రకారుడు స్యుటోనియస్ వ్రాసినాడు. మాల తలను కప్పుతుంది గదా!

సీజరుకు లేని అవకాశం నేటి యువకునికి ఉన్నది. తల వెనుక ఉన్న వెండ్రుకలను తీసి ముందువైపున నాటించుకొనవచ్చును. గత వేసవిలో నా పాత విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. వయస్సు 22 సంవత్సరాలు. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు. కణతల వద్ద జుట్టు కొంత వెనుకకు జరిగింది. "సార్, వచ్చే నెలలో వెండ్రుకలు నాటించుకొందామని అనుకొంటున్నాను. డబ్బు వాయిదాలలో కట్టవచ్చునట. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. మీరేమంటారు?" అని అడిగాడు.

నేను జీవశాస్త్రం బోధించేవాడినే గాని వైద్యుడిని కాను. చేయించుకో అనిగాని, మానుకో అనిగాని చెప్పే అధికారం నాకు లేదు. కాని ఆ నిర్ణయం తీసుకొనేముందు తెలిసి తీరవలసిన సంగతులు కొన్ని ఉన్నవి. ఆనాడు అతనికి చెప్పినవే ఇక్కడ వ్రాస్తున్నాను.

వెండ్రుక బ్రతుకు

మన తలమీద సుమారు లక్ష వెండ్రుకలు ఉంటాయి. ప్రతి వెండ్రుకా చర్మంలో సుమారు 4 మిల్లీమీటర్ల లోతున ఉన్న ఒక చిన్న సంచివంటి గుంటనుండి పుట్టుతుంది. దానిని రోమకూపం అంటారు. పైకి కనబడే వెండ్రుక నిర్జీవ పదార్థమే. ప్రాణమంతా రోమకూపంలో ఉన్నది. తిరుమలలో తలనీలాలు ఇచ్చి గుండుతో తిరిగివచ్చిన వారికి మళ్ళీ జుట్టు రావడానికి కారణం ఇదే. మంగలికత్తి చర్మంపైన ఉన్నదానినే తీస్తుంది, రోమకూపాన్ని తాకదు. అందువల్లనే గుండు చేయించుకొంటే జుట్టు ఒత్తుగా వస్తుందన్న నమ్మకానికి కూడ ఆధారం లేదు. కత్తి తాకని రోమకూపం కత్తివల్ల బలపడదు.

రోమకూపం ఎల్లకాలమూ ఒకే తీరున పనిచేయదు. 2 నుండి 6 సంవత్సరాలపాటు వెండ్రుకను పెంచుతుంది. నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున వెండ్రుక పొడవవుతుంది. తరువాత రెండుమూడు వారాలలో పెరుగుదల ఆగిపోతుంది. ఆపైన సుమారు మూడు నెలలు విశ్రాంతి. విశ్రాంతి ముగిసిన వెండ్రుక రాలిపోయి, అదే కూపంనుండి కొత్త వెండ్రుక వస్తుంది. ఈ లెక్కన రోజుకు 50 నుండి 100 వెండ్రుకలు రాలడం ఆరోగ్యవంతులలో కూడ సహజమే. దువ్వెనకు వచ్చిన వెండ్రుక చివర చిన్న తెల్లని బొడిపె ఉంటే, వేరుతోసహా ఊడివచ్చిందని చాలామంది భయపడతారు. అది విశ్రాంతి ముగిసిందన్న గుర్తు మాత్రమే. కూపం చర్మంలోనే ఉన్నది.

బట్టతల ఎందుకు వస్తుంది?

పురుషులలో సామాన్యంగా వచ్చే బట్టతలలో రోమకూపాలు ఒక్కసారిగా చావవు. ఆవృత్తి ఆవృత్తికీ చిన్నవవుతూ పోతాయి. ఆరేండ్లు పెరిగే వెండ్రుక మూడేండ్లే పెరుగుతుంది, ఆ తరువాత ఏడాదే పెరుగుతుంది. లావు తగ్గుతుంది, రంగు తగ్గుతుంది. చివరకు కంటికి ఆనని నూగు మిగులుతుంది. ఇది సంవత్సరాల తరబడి జరిగే పని. ఈ సంగతి ముందుకు చాలా ముఖ్యం.

దీనికి కారణాన్ని తేల్చినవాడు అమెరికాకు చెందిన జేమ్స్ హామిల్టన్. యౌవనానికి ముందే వృషణాలు పోయినవారికి బట్టతల రాదని అతడు గమనించాడు. అట్టివారికి పురుష హార్మోనైన టెస్టోస్టెరోన్ ఇచ్చినప్పుడు, వంశంలో బట్టతల ఉన్నవారికి జుట్టు రాలసాగింది. హార్మోను ఆపితే రాలడం ముదరలేదు, కాని పోయిన జుట్టు తిరిగి రాలేదు. ఈ ఫలితాలను అతడు 1942లో ప్రకటించాడు. అంటే బట్టతలకు రెండు కావాలి: హార్మోను ఒకటి, వంశానుగతమైన స్వభావం రెండవది.

తరువాత మరొక మెట్టు తెలిసింది. టెస్టోస్టెరోన్‌ను మన శరీరంలోని ఒక ఎంజైము డైహైడ్రోటెస్టోస్టెరోన్ అనే మరింత తీవ్రమైన హార్మోనుగా మార్చుతుంది. డొమినికన్ రిపబ్లిక్ దేశంలో కొన్ని కుటుంబాలవారికి పుట్టుకతోనే ఆ ఎంజైము లోపించింది. వారిని గూర్చిన పరిశోధన 1974లో వెలువడింది. ఆ పురుషులకు నుదుటిమీద జుట్టు వెనుకకు జరగడం కనబడలేదు. రోమకూపాలను కుదించేది ఈ రెండవ హార్మోనే అని దీనివల్ల బలపడింది.

బట్టతల మేనమామ పోలిక అని మనవాళ్ళు అంటూంటారు. అందులో కొంత నిజమున్నది. పురుష హార్మోనును గుర్తించే జన్యువు ఎక్స్ క్రోమోజోముమీద ఉన్నది. మగపిల్లవానికి ఆ క్రోమోజోము తల్లినుండే వస్తుంది. కాని కథ అంతటితో అయిపోలేదు. 2017లో బ్రిటనులో 50 వేలకు పైగా పురుషులను పరిశీలించి, బట్టతలతో సంబంధమున్న జన్యు స్థానాలు రెండు వందలకు పైగా ఉన్నాయని కనుగొన్నారు. వాటిలో ఎక్కువభాగం తండ్రినుండి కూడ రాగలవే. కాబట్టి మేనమామను ఒక్కనినే చూచి తన భవిష్యత్తు చెప్పుకొనడం సాధ్యంకాదు.

అంటు కట్టడం

ఇక్కడ ఒక వింత ఉన్నది. ఎంత ముదిరిన బట్టతలలోనైనా చెవుల పైన, తల వెనుక గుర్రపునాడా ఆకారంలో జుట్టు మిగిలే ఉంటుంది. అదే రక్తం, అదే హార్మోను అక్కడికీ పోతున్నవి. మరి ఆ రోమకూపాలు ఎందుకు కుదించుకుపోవు? రక్షణ ఆ చోటులో ఉన్నదా, ఆ కూపంలో ఉన్నదా?

దీనికి ప్రయోగంద్వారా సమాధానం చెప్పినవాడు న్యూయార్కు చర్మవైద్యుడు నార్మన్ ఆరెన్‌ట్రైక్. జపానులో ఒకుడా అనే వైద్యుడు వెండ్రుకలున్న చర్మపు ముక్కలను నాటిన విధానాన్ని 1939లోనే ప్రకటించాడు గాని, అది పాశ్చాత్యుల దృష్టికి చాలాకాలం రాలేదు. ఆరెన్‌ట్రైక్ 1952లో ఒక పురుషుని తల వెనుకనుండి వెండ్రుకలున్న చర్మపు బిళ్ళలు తీసి బట్టతల భాగంలో నాటాడు. అవి అక్కడ పెరిగాయి, పెరుగుతూనే ఉన్నాయి. బట్టతల చర్మాన్ని వెనుకకు మార్చి నాటితే అది అక్కడకూడ బట్టగానే ఉండిపోయింది. 1959లో ఈ ఫలితాలను ప్రకటించాడు. స్వభావం చోటులో లేదు, రోమకూపంలోనే ఉన్నదని తేలింది.

మన రైతుకు ఇది కొత్త కాదు. నాటు మామిడి మొక్కకు బంగినపల్లి అంటు కడితే ఆ కొమ్మకు కాచేది బంగినపల్లే.

ఆ రోజులలో ఒక్కొక్క బిళ్ళ వ్యాసం 4 మిల్లీమీటర్లవరకు ఉండేది. అందువల్ల జుట్టు బొమ్మ తలకు కుచ్చులు గ్రుచ్చినట్లు కనబడేది. తరువాత సూక్ష్మదర్శినితో చూచినప్పుడు వెండ్రుకలు ఒకటినుండి నాలుగువరకు చిన్న గుంపులుగా సహజంగానే మొలుస్తాయని తెలిసింది. ఇప్పుడు ఆ గుంపులనే వేరుచేసి నాటుతున్నారు. వెనుకనుండి సన్నని చర్మపు పట్టీ కోసి తీయడం ఒక పద్ధతి, ఒక్కొక్క గుంపునూ విడిగా తొలచి తీయడం మరొకటి. మొదటిదానిలో గీతవంటి మచ్చ, రెండవదానిలో చుక్కలవంటి చిన్న మచ్చలు మిగులుతాయి. మచ్చే పడదనే ప్రకటనలు నిజం కాదు. నాటిన వెండ్రుకలు కొద్ది వారాలలో రాలిపోతాయి. కూపం బ్రతికే ఉంటుంది గనుక మూడు నాలుగు నెలలకు కొత్త వెండ్రుక తల ఎత్తుతుంది. పూర్తి ఫలితం తెలియడానికి సుమారు ఒక ఏడాది పట్టుతుంది.

నారుమడి లెక్క

ఇంతవరకు విన్న నా విద్యార్థి "అయితే ఇంకేమి సార్, శాశ్వతమే గదా!" అన్నాడు. చిక్కు అక్కడే ఉన్నది. శాశ్వతమైనది నాటిన వెండ్రుక మాత్రమే. దాని ప్రక్కన ముందునుండీ ఉన్న వెండ్రుకల స్వభావం మారలేదు. అవి తమ దారిన తాము కుదించుకుపోతూనే ఉంటాయి. శస్త్రచికిత్స పోయినచోట జుట్టు నిలుపుతుందే గాని, పోవడాన్ని ఆపదు. ఇరువది రెండేండ్లకు నుదుటిమీద నాటించుకొన్నవానికి ముప్పది అయిదు వచ్చేసరికి, ముందు ఒక గట్టు, వెనుక ఒక గట్టు, నడుమ ఎండిన చెరువు మిగలవచ్చును.

అప్పుడు మళ్ళీ నాటించుకొంటే పోదా? నారుమడిలో నారుండాలి గదా! వెనుకనుండి తీసిన కూపం అక్కడ మళ్ళీ పుట్టదు. ఉన్నదానిని ఇటునుండి అటు మార్చడమే గాని, ఒక్క కొత్త వెండ్రుకనైనా ఎవరూ సృష్టించడం లేదు.

లెక్క వేసి చూద్దాం. బట్టతల పూర్తిగా ముదిరితే బోసిపోయే భాగం 200 చదరపు సెంటీమీటర్లు అనుకొందాం. సహజంగా చదరపు సెంటీమీటరుకు 80 గుంపులు ఉంటాయనుకొంటే, అక్కడ పోయినవి 16,000 గుంపులు. వెనుకభాగం పలచబడకుండా జీవితం మొత్తంమీద తీయగలిగినవి 6,000 అనుకొందాం. అంటే అంతటా సమంగా పంచితే చదరపు సెంటీమీటరుకు 30 మాత్రమే వస్తాయి. ఇప్పుడు మనవాడు పదహారేండ్లనాటి నుదురు కావాలని 60 చదరపు సెంటీమీటర్లలో 50 చొప్పున ఒత్తుగా నాటించుకొన్నాడు. 3,000 గుంపులు ఖర్చయినవి. మిగిలిన 140 చదరపు సెంటీమీటర్లకు మిగిలినవి 3,000. సగటు సుమారు 21. ఈ అంకెలు మనిషిమనిషికీ మారుతాయి. కాని లెక్క తీరు మారదు. నారు కొద్ది, పొలం ఎంతో ఇంకా తెలియదు.

పొలం ఎంతో తెలియకపోవడమే పడుచువారి విషయంలో పెద్ద అడ్డంకి. నార్వుడ్ అనే అమెరికా వైద్యుడు 1975లో బట్టతలను ఏడు మెట్లుగా విభజించాడు. రెండవ మెట్టుమీద ఉన్న ఇరువది రెండేండ్ల యువకుడు అక్కడే ఆగుతాడా, ఏడవ మెట్టు ఎక్కుతాడా అన్నది నేడు ఏ పరీక్షా నిశ్చయంగా చెప్పలేదు. కౌమారం దాటిన తరువాత దాదాపు మగవారందరికీ నుదుటి అంచు కొద్దిగా వెనుకకు జరుగుతుంది. అది బట్టతలకు మొదలు కాకపోవచ్చును కూడ. అందుకే అనుభవజ్ఞులైన వైద్యులు 25 ఏండ్లు నిండనివారికి ఈ చికిత్స చేయడానికి సామాన్యంగా వెనుదీస్తారు.

ముందుగా చేయవలసినవి

మొదట రాలడానికి కారణం తెలియాలి. టైఫాయిడ్, డెంగీవంటి జ్వరాలు తగిలిన రెండుమూడు నెలలకు జుట్టు విపరీతంగా రాలి, తరువాత దానంతట అదే తిరిగి రావడం కద్దు. ఇనుము లోపంవల్ల, థైరాయిడ్ గ్రంథి లోపంవల్ల కూడ రాలవచ్చును. వీటికి నాట్లు మందు కాదు. చర్మవైద్యుడు పరీక్షించి ఇది ఏ రకమో నిర్ణయించాలి.

రెండవది, ఉన్న జుట్టును నిలుపుకొనే ప్రయత్నం. తలకు రాసే మినాక్సిడిల్‌కు అమెరికాలో 1988లో అనుమతి లభించింది. అది మొదట రక్తపుపోటుకు మాత్రగా వచ్చిన మందు. రోగులకు వెండ్రుకలు పెరగడం చూచి దీనికి మళ్ళించారు. ఇంతకు ముందు చెప్పిన ఎంజైమును అడ్డుకొనే ఫినాస్టెరైడ్ మాత్రకు 1997లో అనుమతి వచ్చింది. రెండింటినీ మానివేస్తే ఫలితం కూడ మెల్లగా పోతుంది. ఫినాస్టెరైడ్‌వల్ల కొద్దిమందిలో లైంగిక సంబంధమైన ఇబ్బందులు, మానసికంగా క్రుంగుదల కలుగుతున్నట్లు తెలియవచ్చింది. కనుక వైద్యుని సలహా లేనిదే ముట్టరాదు. ఒక ఏడాదో రెండేండ్లో ఇట్లు గడిపి, ఆరు నెలలకొకసారి ఒకే వెలుతురులో ఫోటోలు తీసి పోల్చితే, బట్టతల ఏ వేగంతో నడుస్తున్నదో కొంత తెలుస్తుంది.

మూడవది, చేసే చేయి. మత్తుసూది ఇచ్చి గంటల తరబడి చేసే ఈ పని శస్త్రచికిత్సే గాని క్షౌరం కాదు. శస్త్రచికిత్సలో క్రమమైన శిక్షణ పొందిన వైద్యులే దీనిని చేయాలని మన దేశపు జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శకాలు వెలువరించింది. సూది ఎవరు వేస్తారు, కూపాలు ఎవరు తీస్తారు, ఏదైనా జరిగితే ప్రక్కన ఎవరుంటారు అని ముందుగా అడగడం రోగి హక్కు.

ఇవన్నీ విని నా విద్యార్థి కొంతసేపు మాట్లాడలేదు. "అయితే సంబంధాల మాట ఏమిటి సార్?" అన్నాడు. దానికి శాస్త్రంలో సమాధానం లేదు. నా నుదురు కూడ మూడవ మెట్టుమీద ఉన్నది. "నేను చెప్పగలిగినది ఒక్కటే. ఈ ఏడాది నాటించుకొనకపోతే నీ నారు ఎక్కడికీ పోదు. తొందరపడి నాటించుకొంటే తిరిగి రాదు" అన్నాను. అతడు చర్మవైద్యుని చూచాడు. నాట్లు మానలేదు, వాయిదా వేశాడు. పోయిన నెల వచ్చినప్పుడు రెండు ఫోటోలు తెచ్చి, ప్రక్కప్రక్కన పెట్టి, "తేడా కనబడుతున్నదా సార్?" అని అడిగాడు. ఇద్దరమూ కిటికీ దగ్గరకు పోయి చూచాము. పెద్ద తేడా లేదు. ఇంకొక ఏడాది చూస్తానన్నాడు.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. పదవ తరగతిలో వంశానుగతి పాఠం చెప్పేటప్పుడు బట్టతల ఉదాహరణ వస్తే పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆ తరువాత ఈ నారుమడి లెక్కను నల్లబల్లమీద వేయించండి. ఆ నవ్వినవారిలో కొందరికి పదేండ్ల తరువాత అది పనికివస్తుంది.