తినే మామిడి వేరు, తాగే మామిడి వేరు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సారు కబురు పెట్టారు. కవితలు రాసేవాళ్ళు మీలోనే చాలామంది ఉన్నారు. ఈ హాస్టల్లో ఆరు నుంచి పది దాకా చదివి, ఇప్పుడు ఉద్యాన శాస్త్రం చదువుతున్నాను కాబట్టి నేను మామిడికాయల గురించి రాస్తాను.

వేసవి సెలవుల్లో రైల్వే కోడూరు వైపు కోతలకు పోయినవాళ్ళు మనలో తక్కువేమీ కాదు. నేను చిక్కం పట్టుకుని కాయలు దించితే, మా అమ్మ కింద కూర్చుని పెద్దవీ చిన్నవీ వేరు చేసేది. బంగినపల్లి కాయను గడ్డి పరిచి గుడ్డును పెట్టినట్టు పెట్టేవాళ్ళు. బెంగుళూరు కాయను మాత్రం రాళ్ళు పోసినట్టు ట్రాక్టర్లో కుప్ప పోసేవాళ్ళు. రెండూ మామిడే కదా, ఈ తేడా ఎందుకని అప్పుడు ఎవరినీ అడగలేదు. చదువుకున్నాక తెలిసింది.

బంగినపల్లి తినే పండు. ఒకప్పటి కర్నూలు జిల్లాలో ఉండి, 2022 నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చిన బనగానపల్లె పేరే దానికి వచ్చింది. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. నార ఉండదు, తీపి ఎక్కువ, పైన మచ్చ పడితే ధర పడిపోతుంది. బెంగుళూరు కాయ అట్లా కాదు. కొన చిలుక ముక్కులా ఉండే దీన్నే ఉత్తరాదిలో తోతాపురి అంటారు. దోరగా ఉన్నప్పుడు ఉప్పు కారం అద్దుకుని తింటాం గానీ, పండిన తరువాత బంగినపల్లి పక్కన పెడితే ఎవరూ ముట్టరు. రసం ఫ్యాక్టరీకి మాత్రం ఇదే కావాలి. చాలా మామిడి రకాలు ఒక ఏడు కాసి మరుసటి ఏడు మొండికేస్తాయి. ఇది దాదాపు ఏటా కాస్తుంది. తోలు మందం, కుప్ప పోసినా తట్టుకుంటుంది. గుజ్జు బాగా వస్తుంది, పులుపూ కొంత ఉంటుంది. వాసన తక్కువ కాబట్టి అవసరమైతే ఆల్ఫాన్సో గుజ్జు కొంచెం కలుపుతారు.

ఫ్యాక్టరీలో కాయను మాగబెట్టి, కడిగి, తోలూ టెంకా తీసి గుజ్జు చేస్తారు. (మాగబెట్టడానికి కార్బైడ్ వాడటం నిషేధం. తగిన మోతాదులో ఎథిలీన్ వాయువు వాడవచ్చు.) తీపిని బ్రిక్స్ అనే లెక్కలో కొలుస్తారు. బెంగుళూరు గుజ్జుకు 14 బ్రిక్స్ అడుగుతారు, అంటే నూరు గ్రాముల్లో సుమారు 14 గ్రాములు చక్కెర వంటి కరిగిన పదార్థాలు. తరువాత వేడి చేసి, సూక్ష్మక్రిములు లేని సంచుల్లో నింపి, 215 కిలోల డ్రమ్ముల్లో పెడితే ఏడాదికి పైగా నిలవ ఉంటుంది. ఆ గుజ్జుకు నీళ్ళు, చక్కెర కలిపితే మనం కొనే సీసా తయారు. పండ్ల పానీయంలో పండ్ల రసం పది శాతం ఉంటే నిబంధన ప్రకారం సరిపోతుంది. ఈసారి సీసా కొంటే చిన్న అక్షరాలు చదవండి.

ఈ సంగతి మనకే పరిమితం కాదు. ఇంగ్లాండులో సోమర్సెట్, హియర్‌ఫర్డ్‌షైర్ ప్రాంతాల్లో ఆపిల్ రసాన్ని పులియబెట్టి సైడర్ అనే మత్తు పానీయం చేస్తారు. దానికి పెంచే ఆపిళ్ళలో చాలా రకాలు కొరికితే ఉమ్మేయాల్సినంత వగరు. ఆ వగరే సైడర్‌కు రుచి. ఆపిల్ చెట్టుకు చలికాలంలో వందల గంటల చలి పడాలి కాబట్టి మన కర్నూలు, కడప ఎండల్లో దాని ఆశ వదులుకోవచ్చు. అక్కడ కంపెనీలు రైతులతో దీర్ఘకాలపు ఒప్పందాలు రాసుకుని తోటలు పెట్టించాయి. తీరా గిరాకీ తగ్గేసరికి తోటలు కొట్టేసినవాళ్ళూ ఉన్నారు.

మన రైతులకు చాలామందికి ఆ ఒప్పందం కాగితం కూడా ఉండదు. అంటు మొక్క నాటితే కాపుకు నాలుగైదేళ్ళు పడుతుంది, ఆ తరువాత చెట్టు దశాబ్దాలు నిలుస్తుంది. పండిన కాయ మాత్రం నాలుగు రోజులు ఆగదు. తినే పండుకైతే ఊరూరా కొనేవాళ్ళుంటారు. రసం పండుకు కొనేది ఫ్యాక్టరీ ఒక్కటే, అది గేటు మూస్తే కాయను ఏం చేసుకోవాలి? 2025లో చిత్తూరు జిల్లాలో అదే జరిగింది. గుజ్జు నిల్వలు మిగిలి ఉన్నాయని ఫ్యాక్టరీలు కొనుగోలు తగ్గించాయి. ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలోకు 12 రూపాయలు ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ ఎనిమిది కూడా అందలేదని రైతులు ఆందోళన చేశారు. మండీల్లోనైతే ‘సూటు’ పేరుతో టన్నుకు ఇంతని ఎక్కువ కాయ తూచుకోవడం ఉండనే ఉంది.

కోత కూలి గురించి పేపర్లో ఎవరూ రాయలేదు. కాయ కొయ్యకపోతే మనవాళ్ళకు పనే లేదు కదా!

పాత చెట్టుకు తల నరికి, కొత్తగా వచ్చిన చిగుళ్ళకు వేరే రకం అంటు కట్టే పద్ధతి ఒకటుంది. ఆసక్తి ఉన్నవాళ్ళు కోడూరు దగ్గర అనంతరాజుపేటలోని ఉద్యాన పరిశోధన స్థానానికి పోయి అంటు కట్టే పద్ధతుల గురించి అడగండి. ఇంటర్లో బైపీసీ తీసుకుంటే అక్కడి ఉద్యాన కళాశాలలో చదివే దారి కూడా ఉంది.

మేము కోతకు పోయే తోట రైతు పోయినేడు బెంగుళూరు చెట్లకు తలలు కొట్టించి బంగినపల్లి అంటు కట్టించాడు. ఆయన్ను తప్పు పట్టలేను. అవి మళ్ళీ కాయడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. అందాకా మా అమ్మ వేరే తోటలో పని వెతుక్కుంటోంది.