స్కాలర్‌షిప్ లేని ఫుట్‌బాల్: డివిజన్-3 తొలి రోజులు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బహుమతికి హైస్మన్ ట్రోఫీ అని పేరు. 1935లో దాన్ని మొట్టమొదట అందుకున్నవాడు షికాగో విశ్వవిద్యాలయం కుర్రాడు జే బెర్వాంగర్. నాలుగేళ్లు తిరిగేసరికి, 1939 డిసెంబరులో, అదే విశ్వవిద్యాలయం తన ఫుట్‌బాల్ జట్టునే రద్దు చేసుకుంది. ఆ ఏడాది మిషిగన్ చేతిలో 85-0తో, హార్వర్డ్ చేతిలో 61-0తో, ఒహాయో స్టేట్ చేతిలో మళ్లీ 61-0తో ఓడింది. మిగతా పెద్ద జట్లు మంచి ఆటగాళ్లను ఏరికోరి తెచ్చుకుంటున్నాయి. షికాగో అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్ ఆ పోటీలోకి దిగడం కంటే ఆట మానుకోవడమే మేలనుకున్నాడు. ఖాళీపడ్డ స్టాగ్ ఫీల్డ్ స్టేడియంలో, పడమటి గ్యాలరీ కింద ఉన్న స్క్వాష్ కోర్టులోనే, 1942 డిసెంబరు 2న ఎన్రికో ఫెర్మీ బృందం ప్రపంచంలో తొలిసారి నియంత్రిత అణు శృంఖల చర్యను సాధించింది.

ఆటగాళ్లను కొని తెచ్చుకోవడమా, ఆట మానేయడమా? ఈ రెండింటికీ మధ్య మూడో దారి ఒకటి ఉందని కాలేజీలు అధికారికంగా తేల్చుకోవడానికి 1939 తర్వాత మరో 34 ఏళ్లు పట్టింది. ఆ దారి పేరే డివిజన్-3.

ముందు ఆట సంగతి. ఇది మెస్సీ, రొనాల్డో ఆడే ఫుట్‌బాల్ కాదు. తలకు హెల్మెట్, భుజాలకు ప్యాడ్లు తగిలించుకున్న పదకొండు మంది, కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని వంద గజాల మైదానంలో ముందుకు తోసుకుపోయే ఆట. బంతిని అవతలి గీత దాటిస్తే టచ్‌డౌన్, దానికి ఆరు పాయింట్లు. ఒకప్పుడు ఇది ప్రాణాలు తీసే ఆట. 1905 సీజన్‌లో సుమారు 18 మంది చనిపోయారు. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ స్వయంగా హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిపించి మాట్లాడాడు. ఆ ఏడాది చివర్లో కాలేజీలు న్యూయార్క్‌లో సమావేశమై ఒక సంఘం పెట్టుకున్నాయి. 1910 నుంచి దాని పేరు ఎన్‌సీఏఏ.

ప్రాణాల గొడవ సద్దుమణిగాక డబ్బు గొడవ మొదలైంది. చదువుతో సంబంధం లేకుండా ఆట చూసి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చా అన్న ప్రశ్న మీద ఎన్‌సీఏఏ ఏళ్ల తరబడి తర్జనభర్జన పడింది. 1948లో ‘శానిటీ కోడ్’ పేరిట కట్టడి పెట్టింది, 1951లో ఎత్తేసింది, 1956 నాటికి పూర్తిస్థాయి క్రీడా స్కాలర్‌షిప్‌లకు తలుపులు తీసింది. ఇంచుమించు అప్పుడే సభ్య కాలేజీలను యూనివర్సిటీ డివిజన్, కాలేజీ డివిజన్ అని రెండుగా విడదీశారు. అయితే ఆ రెండో గంపలో అన్నీ కలగాపులగమే. స్కాలర్‌షిప్‌లు ఇచ్చే మధ్యతరహా కాలేజీలూ, పైసా ఇవ్వని చిన్న కాలేజీలూ అందులోనే ఉన్నాయి.

చివరికి 1973 ఆగస్టులో షికాగోలో ఎన్‌సీఏఏ తన చరిత్రలోనే తొలి ప్రత్యేక సమావేశం జరిపి సభ్యులను మూడు డివిజన్లుగా విభజించింది. పాత యూనివర్సిటీ డివిజన్ డివిజన్-1 అయింది. పాత కాలేజీ డివిజన్‌లో ఆటకు స్కాలర్‌షిప్ ఇస్తామన్నవి డివిజన్-2కు వెళ్లాయి. ఇవ్వబోమన్నవి డివిజన్-3 అయ్యాయి. ఇక్కడ విద్యార్థికి సాయం దొరుకుతుంది గానీ, కుటుంబ పరిస్థితిని బట్టో మార్కులను బట్టో దొరుకుతుంది. ఎంత వేగంగా పరుగెడతాడన్నది ఆ లెక్కలోకి రాదు.

ఆ డిసెంబరులోనే డివిజన్-3 ఫుట్‌బాల్ తొలి ఛాంపియన్‌షిప్ జరిగింది. దేశం మొత్తం మీద నాలుగు జట్లకే అవకాశం. ఫైనల్‌కు వేదిక అలబామాలోని ఫీనిక్స్ సిటీ. ఆ ఊరికి అప్పటికి మంచి పేరేమీ లేదు. జూదం, వ్యభిచారం అక్కడ రాజ్యమేలేవి. వాటిని అణిచేస్తానని రాష్ట్ర అటార్నీ జనరల్ పదవికి పోటీపడిన ఆల్బర్ట్ ప్యాటర్సన్‌ను 1954లో ఆ ఊళ్లోనే కాల్చి చంపితే, గవర్నర్ సైనిక పాలన విధించాల్సి వచ్చింది. అది జరిగి ఇరవై ఏళ్లు కాకముందే ఆ ఊరు విద్యార్థుల ఆటకు ఆతిథ్యమిచ్చింది. ఒహాయోకు చెందిన విటెన్‌బర్గ్ 41-0తో పెన్సిల్వేనియాకు చెందిన జూనియాటాను చిత్తుచేసింది. విటెన్‌బర్గ్ లూథరన్ల కాలేజీ. జూనియాటాను స్థాపించింది యుద్ధాలను వ్యతిరేకించే బ్రెద్రెన్ చర్చి సభ్యులు. డివిజన్-3 కాలేజీల్లో చాలావాటి మూలాలు ఇలాంటివే: ఏదో ఒక చర్చి నీడన చిన్న ఊళ్లో పుట్టిన కాలేజీలు.

ఫైనల్‌కు పెట్టిన పేరు స్టాగ్ బౌల్. షికాగోలో 41 సీజన్లు కోచ్‌గా పనిచేసిన అమోస్ అలోంజో స్టాగ్ పేరది. యేల్‌లో దైవశాస్త్రం చదివి, బేస్‌బాల్ ప్రొఫెషనల్ అవకాశాలను కాదనుకున్న మనిషి. 102 ఏళ్లు బతికి 1965లో పోయాడు. ఆయన నిలబెట్టిన షికాగో జట్టు కూడా 1969లో మళ్లీ ఊపిరి పోసుకుని, ఆ తర్వాత డివిజన్-3లో చేరింది. ఒకప్పటి హైస్మన్ విజేత కాలేజీకి చివరికి సరైన చోటు దొరికింది.

డబ్బు లేదు కాబట్టి ఆట చప్పగా ఉంటుందనుకుంటే పొరపాటే. 1974 ఫైనల్లో అయోవాకు చెందిన సెంట్రల్ కాలేజీ 10-8తో ఇథాకాను దాటింది. పెన్సిల్వేనియాలోని వైడ్‌నర్ కాలేజీలో 1973 దాకా ఆడిన బిల్లీ జాన్సన్, తెల్ల బూట్లతో మైదానమంతా చెలరేగేవాడు. ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1974లో, పదిహేనో రౌండ్‌కు గానీ అతని పేరు రాలేదు. అలాంటివాడు ఇరవై ఏళ్ల తర్వాత, ప్రొఫెషనల్ లీగ్ తన 75 ఏళ్ల సర్వకాల అత్యుత్తమ జట్టును ప్రకటించినప్పుడు, ప్రత్యర్థి తన్నిన బంతిని అందుకుని ఎదురు పరుగెత్తే స్థానంలో చోటు సంపాదించాడు.

ఈ డివిజన్ ఆత్మను పట్టిచ్చే మనిషిని ఒక్కడినే ఎంచుకోమంటే, మిన్నెసోటాలోని సెయింట్ జాన్స్ కోచ్ జాన్ గాలియార్డీనే చూపించాలి. 1943లో కొలరాడోలో అతను చదివే హైస్కూలు కోచ్‌ను సైన్యం పిలిచింది. జట్టును ఎత్తేయబోతుంటే, పదహారేళ్ల ఆ కుర్రాడు ‘నేను నడిపిస్తాను’ అని ముందుకొచ్చాడు. వచ్చీరాగానే తనకు నచ్చని కసరత్తులన్నీ తీసేశాడు. 1953లో బెనెడిక్టైన్ సన్యాసులు నడిపే సెయింట్ జాన్స్‌కు వచ్చాక కూడా అదే పద్ధతి. విజిల్ లేదు. ప్రాక్టీసులో ఒకరినొకరు పడగొట్టుకోవడం నిషిద్ధం. బరువులు ఎత్తితీరాలన్న నిబంధన లేదు. ప్రాక్టీసు గంటన్నర దాటేది కాదు, దోమలు ముసిరితే అదీ మానేసేవారు. వార్మప్‌లో కుర్రాళ్లు వెల్లకిలా పడుకుని పక్కవాడితో ‘ఇవాళ భలే ఉంది కదూ’ అనడం కూడా ఒక కసరత్తే. ఆయన్ను ‘కోచ్’ అనకూడదు, ‘జాన్’ అనే పిలవాల్సి ఉండేది. ఆడతానని వచ్చినవాణ్ని ఎవరినీ తిప్పి పంపేవారు కాదు కాబట్టి జట్టులో నూట యాభై మందికి పైగా ఉండేవారు.

ఇలా ఆడితే గెలుస్తారా? 1976 ఫైనల్లో సెయింట్ జాన్స్ 28-0 ఆధిక్యంలోకి వెళ్లింది. టౌసన్ స్టేట్ పట్టు వదలకుండా పుంజుకుని 28-28కి తెచ్చింది. చివరి క్షణాల్లో బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని కొట్టిన ఫీల్డ్ గోల్‌తో సెయింట్ జాన్స్ 31-28తో బయటపడింది. గాలియార్డీ 2012లో రిటైరయ్యే నాటికి 489 మ్యాచ్‌లు గెలిచాడు. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏ డివిజన్‌లోనైనా, ఏ కోచ్‌కూ అన్ని విజయాలు లేవు. వాటిలో అత్యధికం స్కాలర్‌షిప్‌తో ఒక్క కుర్రాడినీ రప్పించుకోలేని సెయింట్ జాన్స్‌లో సాధించినవే.

ఈ చరిత్రలో అంతా త్యాగమే అనడం సరికాదు. చాలా చిన్న కాలేజీలకు స్కాలర్‌షిప్ ఇచ్చే స్తోమతే లేదు. పైగా వందమంది ఆటగాళ్లు చేరితే వందమంది ఫీజులు వస్తాయి. తరచూ తగాదాలూ వచ్చాయి. డేటన్ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ డివిజన్-1లో ఆడుతూ, ఫుట్‌బాల్‌ను మాత్రం డివిజన్-3లో ఆడి, 1980 ఫైనల్లో ఇథాకాను 63-0తో ఓడించింది. పెద్ద హోదా, పెద్ద వసతులు ఉన్నవాళ్లు మాతో ఎలా పోటీపడతారని చిన్న కాలేజీలు అడిగాయి. న్యాయమైన ప్రశ్నే. 1991లో నిబంధన మార్చారు. 1993 నుంచి డివిజన్-1 సంస్థలు ఫుట్‌బాల్ కూడా ఆ స్థాయిలోనే ఆడాల్సి వచ్చింది.

కోర్టు ఒప్పందం ఫలితంగా 2025 జులై 1 నుంచి డివిజన్-1 కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బే చెల్లించవచ్చు. డివిజన్-3లో క్రీడా స్కాలర్‌షిప్ ఈనాటికీ లేదు. అయినా నాలుగు వందలకు పైగా కాలేజీలతో, సభ్యుల సంఖ్యలో ఎన్‌సీఏఏలో అతి పెద్ద డివిజన్ ఇదే. ఒహాయో, పెన్సిల్వేనియా, మిన్నెసోటా, మసాచుసెట్స్ వంటి రాష్ట్రాల్లో ఉంటున్న తెలుగువారికి ఇలాంటి కాలేజీ ఏదో ఒకటి దగ్గర్లోనే ఉంటుంది. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా శనివారాల్లో మ్యాచ్‌లు జరుగుతాయి. పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్లి చూడండి.